రాజధాని గాలి - కరెంటు బండి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మేము మీ యెదుట ఢిల్లీ మహానగరపు గాలిని గూర్చియు, ఆ గాలిని బాగుచేయుటకై అచ్చట ప్రవేశపెట్టబడుచున్న విద్యుద్వాహనములను గూర్చియు ముచ్చటింప దలచితిమి. "ఢిల్లీ గాలితో మా యూరికేమి పని?" యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. కాని మీ వీధులలో కరెంటు స్కూటర్లు ఇదివరకే తిరుగుచున్నవి. చెత్త సేకరణకు డీజిలు బండి కొనవలెనా, బ్యాటరీ బండి కొనవలెనా యను ప్రశ్న నేడో రేపో మీ పంచాయతీ సమావేశమునకు వచ్చును. తీర్మానముపై సంతకము పెట్టువారు మీరు. ఖర్చగునది గ్రామ ప్రజల సొమ్ము. మనకంటె ముందుగా ఈ దారిని నడచిన నగరము ఎచ్చట కాలు జారినదో, ఎచ్చట నిలదొక్కుకొన్నదో తెలిసికొన్నచో, మన సొమ్మును, మన బిడ్డల ఊపిరియు రెండును దక్కును.

పొగకు మూత

శీతకాలపు తెల్లవారుజామున మన పల్లెలలో జరుగునది మీరు చూచియే యుందురు. పొయ్యిలు రాజుకొనగనే పొగ పైకి పోక, చెట్ల నడిమి ఎత్తున తెరవలె పరచుకొని నిలిచిపోవును. ఇందుకు కారణము సులభమైనది. రాత్రి నేల చల్లబడగా, నేలకు ఆనుకొనియున్న గాలియు చల్లబడి బరువెక్కును. దానిపై కొంత వెచ్చని గాలి కుండపై మూతవలె కూర్చుండును. ప్రొద్దెక్కి నేల వేడెక్కిన పిదప ఆ మూత తొలగును, పొగ చెదరిపోవును.

ఢిల్లీలో నవంబరు మొదలు జనవరి వరకు ఈ మూత కొన్ని వేళల దినముల తరబడి గట్టిగా బిగిసియుండును. సముద్రము బహుదూరము, గాలి వీచుట మందగించును. ఆ మూత క్రింద రమారమి రెండు కోట్ల జనుల వంటపొగ, లక్షలాది వాహనముల పొగ, కర్మాగారముల పొగ, రహదారుల దుమ్ము, చుట్టుపట్ల పొలములలో కాల్చిన గడ్డి పొగ అన్నియు కలిసి నిలిచిపోవును. 2016వ సంవత్సరము నవంబరులో ఆ పొగమంచు ఎంత దట్టమైనదనగా, నగరములోని పాఠశాలలన్నిటిని మూడు దినములపాటు మూసివేయవలసి వచ్చినది. తరువాతి శీతకాలములలోను బడులు మూతపడిన దినములు గలవు. చదువుకొనవలసిన బిడ్డలను గాలికి జడిసి ఇంటిలో కూర్చుండబెట్టుకొను దుస్థితి ఏ గ్రామమునకును రాకూడదు.

ఈ పొగలో మిక్కిలి హానికరమైనవి కంటికి కనబడని సన్నని కణములు. వీనిని శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని పిలుతురు. మన తల వెంట్రుక మందములో ఇవి ముప్పదియవ వంతు మాత్రమే యుండును. ముక్కులోని వెంట్రుకలు వీనిని ఆపజాలవు. ఇవి ఊపిరితిత్తుల లోతట్టునకు పోయి, అచ్చటినుండి రక్తములోనికిని చేరును. ఉబ్బసము, గుండెజబ్బు, పక్షవాతము వీనివలన అధికమగును. ఘనపు మీటరు గాలిలో ఈ కణములు సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు 2009 నాటి ప్రమాణము. 5కు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. ఢిల్లీలో ఇటీవలి సంవత్సరములలో ఈ సగటు సుమారు 100గా నుండినది.

మొదటి ప్రయత్నము - కొంత గెలుపు, కొంత ఓటమి

ఢిల్లీ నగరము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గాలి కాలుష్యముపై 1985లో దాఖలైన ప్రజాహిత వ్యాజ్యమును విచారించుచు, సుప్రీం కోర్టు 1998 జూలైలో ఒక ఆజ్ఞ నిచ్చినది. నగర బస్సులన్నియు 2001 మార్చి 31 నాటికి డీజిలు మాని, సి.ఎన్.జి. యనబడు సహజవాయువుతో నడువవలెనని దాని సారాంశము. గడువు నాటికి పని పూర్తికాలేదు. బస్సులు మారినంత వేగముగా గ్యాసు నింపు బంకులు ఏర్పడలేదు. ఆటో డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు బంకుల యెదుట గంటల తరబడి బారులు తీరి నిలువవలసివచ్చినది. తుదకు 2002 చివరికి నగర బస్సులన్నియు మారినవి. నల్లని పొగ గ్రక్కు బస్సులు వీధులలో కానరాకపోవుట ప్రజలందరును గుర్తించిన మేలు.

అయితే ఆ మేలు చిరకాలము నిలువలేదు. 2001 ప్రాంతమున ఢిల్లీలో రిజిస్టరైన వాహనములు 35 లక్షలకు సమీపముగా నుండెను. 2017-18 నాటికి ఆ సంఖ్య కోటి దాటినది. ఒక్కొక్క బండి పొగ తగ్గినను, బండ్ల సంఖ్య పెరిగిపోయి తగ్గిన పొగను మరల పూడ్చినది. చెరువుగట్టున ఒక గండి పూడ్చి, ప్రక్కనే మూడు గండ్లు పడుచుండగా చూచుచు నూరకున్నట్లయినది.

ఇందులో పంచాయతీలు గ్రహింపవలసిన పాఠములు రెండు గలవు. బండిని మార్చుటకు ముందు దానికి మేత ఎచ్చట దొరకునో చూచుకొనవలెను. ఒక్క మార్పుతోనే పని ముగిసినదని తలపరాదు.

రెండవ ప్రయత్నము - విద్యుద్వాహనములు

2020వ సంవత్సరము ఆగస్టు 7న ఢిల్లీ ప్రభుత్వము విద్యుద్వాహనముల విధానమును ప్రకటించినది. 2024 నాటికి క్రొత్తగా రిజిస్టరగు వాహనములలో నాలుగింట ఒక వంతు విద్యుద్వాహనములై యుండవలెనని అందలి లక్ష్యము. కొనువారికి సహాయధనము, రోడ్డు పన్ను మినహాయింపు ఇచ్చిరి. 2022 మే మాసమున 150 విద్యుత్ బస్సులు ఒక్కసారిగా రోడ్డెక్కినవి. పిదప వాని సంఖ్య వేలలోనికి పెరిగినది. కాని మొత్తము మీద క్రొత్త వాహనములలో విద్యుద్వాహనములు 2023 ప్రాంతమున నూటికి పది, పన్నెండు మాత్రమే. లక్ష్యములో సగము కూడ చేరలేదు. ఎందుకనగా, కొనునప్పటి వెల అధికము. ఛార్జింగు చేసికొనుటకు మేడ మీది వాటాలలో నివసించువారికి స్థలము దొరకదు. పాత బ్యాటరీ పాడైనచో గతియేమను భయమును గలదు.

ఈ వాహనము వలన నిజముగా కలుగు మేలేమి? పెట్రోలు ఇంజను తాను త్రాగిన ఇంధనములో సుమారు నాల్గవ వంతు శక్తిని మాత్రమే చక్రమునకు అందించును. తక్కినది వేడియై, పొగయై పోవును. విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా చక్రమునకే ఇచ్చును. బ్రేకు వేయునప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చును. మంచి స్థితిలో నున్న కరెంటు స్కూటరు ఒక యూనిటు విద్యుత్తుతో సుమారు 30 కిలోమీటర్లు పోవును. దానికి పొగగొట్టమే లేదు. బడి యెదుట, ఆసుపత్రి యెదుట, సంత వీధిలో బిడ్డల ముఖముల ఎత్తున వెలువడు పొగ ఆ మేరకు లేకపోవును. ఇది చిన్న మేలు కాదు.

అయినను అన్ని బండ్లును సమానము కావు. వారమునకొకమారు బయటికి తీయు కారును మార్చుటకంటె, దినమునకు నూరు కిలోమీటర్లు తిరుగు ఆటోను, నూట యేబది కిలోమీటర్లకు పైగా తిరుగు బస్సును, సరకుల బండిని మార్చుట వలన గాలికి ఎన్నో రెట్లు మేలు. ఎక్కువ తిరుగు బండికి ఇంధనములో మిగులు సొమ్మును ఎక్కువే. కావున హెచ్చు వెల త్వరగా తిరిగివచ్చును. ముందుగా మార్చవలసినది ఎక్కువ తిరుగు బండిని. ఈ సూత్రము నగరమునకును, పల్లెకును ఒక్కటే.

కరెంటు బండి చేయజాలని పనులు

మేము ఇచ్చట ఒక వస్తువును అమ్మవచ్చినవారము కాము. కావున రెండవ ప్రక్కను కూడ చెప్పవలసియున్నది.

మొదటిది: ఢిల్లీ సన్నని ధూళిలో వాహనముల పొగ వాటా ఎంత? కాన్పూరు ఐ.ఐ.టి. వారు 2016లో సమర్పించిన నివేదికలో అది సుమారు అయిదవ వంతు. 2018 నాటి మరియొక పరిశీలనలో శీతకాలమున నాల్గవ వంతుకు కొంచెము పైన. అనగా నగరములోని బండ్లన్నియు రేపు ఉదయమునకే కరెంటు బండ్లుగా మారినను, తక్కిన ధూళి అట్లే యుండును. టైర్లు, బ్రేకులు అరిగి రాలు పొడి, రోడ్డుపై లేచు దుమ్ము కరెంటు బండి వలన ఆగవు.

రెండవది: ఆ విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చుచున్నది? మన దేశమున ఉత్పత్తియగు పది యూనిట్లలో సుమారు ఏడు యూనిట్లు బొగ్గు నుండియే వచ్చుచున్నవి. ఢిల్లీ నగరము తన పొలిమేరలలోని బొగ్గు విద్యుత్ కేంద్రములను మూసివేసినది. వానిలో కడపటిదగు బదర్‌పూర్ కేంద్రము 2018 అక్టోబరులో మూతపడినది. అది నగరమునకు మేలే. కాని నగరమున వెలుగు దీపమునకు, పరుగెత్తు బండికి కావలసిన బొగ్గు మరియొకచోట మండుచున్నది. రామగుండము, ఇబ్రహీంపట్నము ప్రాంతములలోని మన గ్రామములకు బొగ్గు బూడిద యనిన నేమో మేము చెప్పనక్కరలేదు. నగరపు పొగను పల్లె నెత్తిన పోసి, నగరము శుభ్రమైనదని సంతోషించుట న్యాయము కాదు. కావున కరెంటు బండితోపాటు సూర్యరశ్మి వలనను, గాలి వలనను పుట్టు విద్యుత్తు పెరుగవలెను. అది పెరిగిన కొలది, ఈ దినమున కొన్న బండియే మార్పు లేకుండ మరింత శుభ్రమగును. పెట్రోలు బండికి ఆ భాగ్యము లేదు. అది పాతబడిన కొలది పొగ హెచ్చును.

మూడవది: పాత బ్యాటరీ. ఢిల్లీ వీధులలో వేల కొలది ఈ-రిక్షాలు తిరుగుచున్నవి. వానిలో పెక్కింటికి సీసపు బ్యాటరీలను వాడిరి. ఇట్టి బ్యాటరీలు ఏడాది, ఏడాదిన్నరకు పనికిరాకుండ పోవును. వానిని ఊరి వెలుపలి పాకలలో పగులగొట్టి, సీసమును కరిగించి తీయుట పలుచోట్ల జరుగుచున్నది. ఆ పొగలోని సీసము పసిపిల్లల బుద్ధి వికాసమును చెరచును. పెట్రోలు నుండి సీసమును 2000వ సంవత్సరము నాటికి దేశమంతట తొలగించుకొన్నాము. దానిని బ్యాటరీ రూపమున మరల పల్లె పొలిమేరకు రానీయరాదు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిదేయని 2022 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి.

పొలమునుండి వచ్చు పొగ

ఇక మన రైతు సోదరులకు సంబంధించిన మాట. అక్టోబరు, నవంబరు మాసములలో పంజాబు, హర్యానా పొలములలో వరి కొయ్యకాలు కాల్చుదురు. ఆ పొగ గాలివాలున ఢిల్లీకి చేరును. ఏడాది మొత్తమున దీని వాటా తక్కువయేగాని, కొన్ని దినములలో నగరపు సన్నని ధూళిలో మూడవ వంతునకు పైబడి దీనివలననే యుండినది. నగరమున ఏడాది పొడవున విద్యుద్వాహనములు చేసిన మేలు ఆ కొలది దినములలో కనబడకుండ పోవును.

ఇందులో రైతును మాత్రమే దోషిని చేయుట సరికాదు. భూగర్భజలమును కాపాడుటకై ఆ రాష్ట్రములు 2009లో చట్టములు చేసి, వరినాట్లను వర్షములకు దగ్గరగా జరిపినవి. నాటు ఆలస్యమైన కోతయు ఆలస్యమగును. కోతకును గోధుమ విత్తుటకును నడుమ రెండు మూడు వారములే మిగిలినవి. కోతయంత్రము కొయ్యకాలును పొడుగుగా విడిచిపెట్టును. కూలీలు దొరకరు. అగ్గిపుల్ల చవుక. 2018 నుండి కొయ్యకాలు నడుమనే విత్తు యంత్రములకు రైతులకు సగము, రైతు సంఘములకు నూటికి 80 వంతున కేంద్ర ప్రభుత్వము సహాయధనము ఇచ్చినది. యంత్రము అద్దెకు సకాలమున దొరకిన గ్రామమున మంట తగ్గినది. దొరకని చోట తగ్గలేదు.

మన మాగాణి గ్రామములలోను కోతయంత్రములు వచ్చిన పిదప కొయ్యకాలు కాల్చు అలవాటు పెరుగుచున్నది. పశువులకు పోవలసిన గడ్డి, నేలకు పోవలసిన ఎరువు బూడిదయగుచున్నది. మన నగరములు ఢిల్లీ యంత దుస్థితికి రాలేదు. కాని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, నెల్లూరు నగరములు గాలి ప్రమాణములను అందుకొనలేని నగరముల జాబితాలో చేరినవను సంగతి మరువరాదు. 2019లో ఆరంభమైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమము వీనిని కూడ చేపట్టినది. హైదరాబాదులో 2019 మార్చిలో 40 విద్యుత్ బస్సులు నడువ నారంభించినవి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించుచు, 2026 డిసెంబరు చివరి వరకు గడువు నిచ్చినది.

పంచాయతీ చేయదగిన పనులు

మీరు తిరిగి గ్రామమునకు పోయిన పిదప ఆలోచింపవలసిన కొన్ని పనులను మనవి చేయుచున్నాము.

చెత్త బండి కొనునప్పుడు వెలను మాత్రమే చూడకుడు. బండి దినమునకెన్ని కిలోమీటర్లు తిరుగునో, అయిదేండ్లలో డీజిలుకెంత, కరెంటుకెంత, మరమ్మతుకెంత అగునో కాగితముపై వ్రాసి, సభ్యులందరి యెదుట చదువుడు. బ్యాటరీకి ఎన్నేండ్ల హామీ గలదో, మరమ్మతు చేయువాడు ఎంత దూరమున నున్నాడో విచారింపుడు. మరమ్మతు దొరకని బండి కొట్టమున ఎండిన ఆవు వంటిది. తిండి మానినను స్థలము మానదు.

బండి రాకముందే ఛార్జింగు స్థలమును సిద్ధపరుపుడు. ఢిల్లీలో గ్యాసు బంకుల యెదుటి బారులను జ్ఞాపకముంచుకొనుడు. పంచాయతీ కార్యాలయమున ఎర్తింగు సరిగా నున్న ప్రత్యేకపు ప్లగ్గును లైనుమనుతో పెట్టింపుడు. పలు బండ్లు చేరినచో ట్రాన్స్‌ఫార్మరు భారము మోయగలదా యని విద్యుత్ సంస్థ వారిని ముందే అడుగుడు. 2022లో కొన్ని స్కూటర్ల బ్యాటరీలు అంటుకొనగా, ఆ యేడాది డిసెంబరు నుండి భద్రతా ప్రమాణములు కఠినమైనవి. ఆ ప్రమాణములకు లోబడిన బండినే కొనుడు. పడకగదిలోను, గడ్డివాము ప్రక్కను ఛార్జింగు పెట్టవద్దని గ్రామమున చాటింపు వేయింపుడు.

పాత బ్యాటరీని గుజిలీ వానికి అమ్మనీయక, అమ్మిన దుకాణమునకే తిరిగి చేర్పింపుడు. ఊరి పొలిమేరలో బ్యాటరీలు కరిగించు పాకకు అనుమతి నీయకుడు. చెత్తదిబ్బకు నిప్పు పెట్టుటను ఆపుడు. బ్యాటరీ బండిపై చెత్త తెచ్చి, దిబ్బపై ప్లాస్టిక్కుతో సహా తగులబెట్టినచో, ఒక చేత్తో దీపము వెలిగించి మరియొక చేత్తో ఆర్పినట్లే. కోతల కాలమునకు ముందే రైతు సంఘముతో కూర్చుండి, గడ్డి మోపులు కట్టు యంత్రము ఎవరి పొలమునకు ఏ దినమున వచ్చునో వంతులు నిర్ణయింపుడు.

మొదట అడిగిన ప్రశ్నకు వచ్చెదము. ఢిల్లీ గాలితో మన యూరికేమి పని? నగరమునకు పొలిమేర రాళ్లు గలవు, గాలికి లేవు. నగరపు బండి మన బొగ్గుతో నడచుచున్నది. మన పొలపు మంట నగరపు బిడ్డ గొంతున చేరుచున్నది. మన బిడ్డలే రేపు చదువునకో, కూలికో ఆ నగరములకు పోవలసినవారు. నగరము ఇరువది యేండ్లు ఆలస్యముగా నేర్చుకొన్న దానిని మనము ముందుగా నేర్చుకొనిన, దానికయిన కష్టము మనకు తప్పును.

సర్పంచులకు, సభ్యులకు అధికారము స్వల్పమని తరచు వినుచుందుము. కాని ఏ బండి కొనవలెనో, ఏ చెత్తకు నిప్పు పెట్టరాదో, ఏ పాకకు అనుమతి నీయరాదో నిర్ణయించుట మీ చేతిలోని పనియే. తదుపరి గ్రామసభలో ఈ మూడింటిపై ఒక్కొక్క తీర్మానము చేయుదురని ఆశించుచున్నాము.